డప్పు ఆగవలసిన చరణం

ద్వాలి కట్టిన పాటలో చివరి చరణాన్ని ఆమెకు ఒక్క మాట చెప్పకుండా కోసేశారు. ఆ సంగతి ఆమెకు తెలిసింది జనగామ పత్తి మార్కెట్లో, ఒక ఆటో మీద కట్టిన మైకు వల్ల.

2010 చివర, పత్తి బాగా దిగుతున్న రోజులు. తరిగొప్పుల నుంచి మా రెండెకరాల పంటను ట్రాక్టర్లో వేసుకొని వచ్చాం. బోరాలు దింపడానికి ద్వాలి, ఆమె భర్త భీమ్లా మాతోనే వచ్చారు. తెలంగాణ దీక్షా శిబిరానికి రమ్మని పిలుస్తూ గేటు దగ్గర ఒక ఆటో తిరుగుతున్నది. కాసేపటికి డ్రైవరు మాటలు ఆపి పాట వేశాడు. డప్పు మొదలైంది. డప్పు వెనుక ఒక ఆడగొంతు.

కదులు తండా కదులు వాడా
రాళ్లదారిని దాటిపోదాం

ద్వాలి భుజం మీది బోరాను కింద పెట్టింది.

"గిది నా గొంతే," అన్నది. భీమ్లా వైపు తిరిగి, "విన్నవా? ఇంట్ల నోరు మూసుకొమ్మంటవు గద," అన్నది.

"మైకుల పెడితే నేను గూడ బాగనే పాడుత," అన్నాడు భీమ్లా. హమాలీలు నవ్వారు. ఒకతను తన తువ్వాలతో పక్కన దుమ్ము దులిపి, "కూసో పాటక్కా," అన్నాడు. ఆమె కూర్చోలేదు. మొదటి చరణం అయిపోయింది. రెండోది అయిపోయింది. అప్పుడు ఆమె నా మోచెయ్యి పట్టుకున్నది.

"ఇగ వస్తడు మావోడు. ఇను తిరుపతీ."

రాలేదు. రెండో చరణం మీదికి పల్లవి వచ్చి పడింది. డప్పు జోరందుకున్నది. పల్లవిని మళ్లీ మళ్లీ తిప్పి పాడి, ఒక నినాదంతో పాట ముగించి, ఇంకెవరిదో పాట మొదలుపెట్టారు.

ద్వాలి ఆటో దగ్గరికి నడిచింది. "ఓ పిలగా, నీ డబ్బ ఖరాబైంది. పాట నడుమల ఎగిరిపోయింది. మల్ల ఎయ్యి."

"ఎగరలే అవ్వా. నిన్న తెచ్చిన కొత్త సీడీ."

"అవ్వ ఎవరికిరా? నీకు నాలుగేండ్లు పెద్దగుంటనేమో. ఎయ్యి మల్ల."

వేశాడు. అదే జరిగింది. డబ్బా మీద చేత్తో కొట్టి మూడోసారి వేయమన్నది. ఈసారి డ్రైవరుకు జాలి కలిగింది. "పాట గంతే ఉన్నదక్కా, గక్కడికే ఒడిసింది," అన్నాడు మెల్లగా.

ఆమె తిరిగి వచ్చి బోరా ఎత్తుకున్నది.

*

ద్వాలి పుట్టింది మానుకోట దగ్గరి ఒక తండాలో. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాసినా మా నోళ్లలో అది మానుకోటే. చిన్నప్పుడే, తమ్ముణ్ని కని తల్లి పోయింది. తండ్రి జైసింగ్ పనికోసం పోయి వస్తూ ఉండేవాడు. ఒకసారి పోయినవాడు తిరిగి రాలేదు. ఆమెకు పెళ్లయి తరిగొప్పుల పక్కనున్న తండాకు వచ్చేటప్పుడు చంకలో తమ్ముడు బాల్‌సింగ్ ఉన్నాడు. "పెండ్లిల అందరికీ అరణం కింద బర్రెనిస్తరు. నాకు వీణ్నిచ్చిన్రు. పాలియ్యడు, మేత మాత్రం బాగనే తింటడు," అని నవ్వేది. ఆమెకు పిల్లలు కలగలేదు. వాడినే కొడుకులా పెంచింది.

బాల్‌సింగ్ జనగామలో డిగ్రీ చదివేవాడు. నేను అప్పటికి చదువు మానేసి బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేస్తున్నాను. నోట్సు జిరాక్సు తీయించుకోవడానికి వచ్చి, నేను పాత కాగితాల కొట్టులో ఏరి తెచ్చుకున్న పుస్తకాలను తిరగేసేవాడు. "అన్నా, ఇవన్నీ చదివి ఏం జేస్తవు?" అని అడిగేవాడు. నవ్వి జిరాక్సు కాగితాలు చేతిలో పెట్టేవాణ్ని.

2010 మొదట్లో పెద్ద రోడ్డు మీద రాస్తారోకో జరిగింది. తండా నుంచి ట్రాక్టర్ ట్రాలీలో పోయారు. తిరిగి వచ్చేటప్పుడు బాల్‌సింగ్ ట్రాలీ ముందు అంచు మీద జెండా పట్టుకొని నిలబడ్డాడు. తండాకు పోయే దారి అంతా కంకర తేలి ఉంటుంది. రోడ్డు వేస్తామని మూడు ఎన్నికలుగా చెప్పిన దారి అది. చక్రం ఒక బండరాయి మీద ఎగిరింది. వాడు ముందుకు, చక్రాల కింద పడ్డాడు. ట్రాలీలో వేరే బట్ట ఏదీ లేక వాడి చేతిలోని జెండానే వాడి మీద కప్పి ఇంటికి తెచ్చారు.

శిబిరంలో అమరుల ఫొటోలు వరుసగా కట్టినప్పుడు భీమ్లా గోడ మీది బాల్‌సింగ్ ఫొటో తీసుకొని పోయాడు. "అది యాక్సిడెంటు గద అన్నా," అని శిబిరం వాళ్లు మర్యాదగానే తిప్పి పంపారు. అబద్ధమేమీ కాదు, యాక్సిడెంటే. ఇంటికి తెచ్చిన ఆ ఫొటోను ద్వాలి మళ్లీ గోడకు పెట్టలేదు.

ఆరు నెలలు ఆమె నోట పాట రాలేదు. నాట్లలో, కలుపులో ఆమె పాట లేకపోతే పని సాగదని మా అమ్మ గొణిగేది. వానకాలంలో మా పత్తి చేనులో కలుపు తీస్తూ ఒకరోజు ఉన్నట్టుండి పల్లవి ఎత్తుకున్నది. ఆమె ఇంటి భాష వేరు, లంబాడి. పాట మాత్రం తెలుగులో వచ్చింది. ఎందుకని అడిగితే, "మా బాసల ఏడిస్తే మాకే వినవడ్తది," అన్నది. పత్తి ఏరే నాటికి పాట నిండింది. ఆ పాటలోనే బాల్‌సింగ్ పేరు ఉన్నది. గోడ మీద లేని పేరు, శిబిరంలో లేని పేరు, ఆ చివరి చరణంలో ఉన్నది. ఆమెకు పాట అంటే ఆ చరణమే. మిగతాదంతా అక్కడికి పోయే దారి.

భిక్షపతి కళాబృందం ఆ తండాకు ఆటపాటకు వచ్చినప్పుడు ఆమె ఆ పాట పాడింది. భిక్షపతి ప్రైవేటు బడిలో పంతులు, సాయంత్రాలు డప్పు భుజానికి వేసుకొని ఊళ్లు తిరిగేవాడు. ఆమె పాట విని అక్కడే దండం పెట్టాడు. దీపావళి దాటగానే జనగామకు పిలిపించి మొత్తం పాట రికార్డు చేయించాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆ తర్వాత ఏమైందో మార్కెట్లో విన్నాం.

*

మరునాడు నేను భిక్షపతి బడికి పోయాను. మధ్యాహ్నం అన్నం గంట. కొట్లాటకు సిద్ధపడి పోయాను.

"చరణం ఎవరు కోసిన్రు అన్నా?"

"నేనే కోసిన. దాచేదేమున్నది?" అన్నాడు, టిఫిన్ మూత తీస్తూ. "తింటవా?"

"తిననీకి రాలే. ఎందుకు కోసినవ్?"

"నువ్వు సభల ఎన్నడన్న డప్పు కొట్టినవా తిరుపతీ? తాళం ఆగిందంటే జనం చాయకు లేస్తరు. ఒకడు లేస్తే ఎనుక పది మంది. లేసినోణ్ని కూసోబెట్టనీకి నాకు మల్ల మూడు పాటలు పడ్తయి. ఆ చరణంల తాళమే లేదు. నా పిలగాండ్లు కర్రలు పట్టుకొని ఒకల మొకం ఒకలు చూసుకున్నరు."

"ఆమెకు ఒక మాట చెప్పొద్దా?"

అతను ముద్ద కలిపాడు. "చెప్తే ఏడుస్తది. ఏడ్చేటోల్లకు చెప్పుడు నాకు చాతకాదు." తర్వాత అన్నాడు, "పేరు మీద నాకు కోపం లేదు. ఆ పిలగాడు నాకూ ఎరికే. ఆ చరణాన్ని తాళంలకు తెచ్చియ్యి. మల్ల సీడీ కొట్టిస్తున్నం. పేరుతోని సహా పెట్టిస్త. నువ్వు పుస్తకాలు చదువుతవు గద."

కోప్పడడానికి పోయిన నాకు అతను పని అప్పగించాడు. దుర్మార్గుడైనా బాగుండేది. తిట్టి తిరిగి వచ్చేవాణ్ని.

నా దగ్గర అట్ట ఊడిన ఛందస్సు పుస్తకం ఒకటి ఉన్నది. మొదటి పేజీలు లేవు, కాబట్టి రాసినవారెవరో తెలియదు. దానిలో పద్యాల సంగతే ఎక్కువ, పాటల గురించి చివర కొద్దిగా ఉంటుంది. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. పొట్టి అక్షరం పక్కన ఒత్తక్షరం వచ్చినా, దాని మీద సున్న పడినా, పొల్లు చేరినా రెండే. పద్యాల దగ్గర నాకు ఎన్నడూ సరిగా ఎక్కని ఈ లెక్క, ద్వాలి పాట మీద పెట్టగానే తేలికగా ఎక్కింది. గిరాకీ లేనప్పుడు జిరాక్స్ మిషను మూత మీద వేళ్లతో కొట్టుకుంటూ చూశాను.

కదులు, మూడు. తండా, నాలుగు. కదులు, మూడు. వాడా, నాలుగు. రాళ్ల, మూడు. దారిని, నాలుగు. దాటి, మూడు. పోదాం, నాలుగు. మూడడుగులు వేసి నాలుగడుగులు వేసినట్టు, ఎక్కడా తొట్రుపడకుండా. చరణాలు కూడా అంతే.

రైలు కూసెను మానుకోటల
నీళ్లు పారెను ఎవరి తోటల

పత్తి తీసిన చేతి గోళ్లల
ముల్లు మిగిలెను ఇన్ని ఏండ్లల

రెండో అక్షరం ప్రాస కుదరలేదు, పాటకు అది అక్కరలేదని పుస్తకమే చెప్పింది. పాదాల చివర మాత్రం కోటల, తోటల, గోళ్లల, ఏండ్లల అని గట్టిగా కట్టింది. అక్కడ ఒక సంగతి గమనించాను. పుస్తకాల తెలుగులో అయితే అది 'మానుకోటలో' కావాలి. అప్పుడు 'కోటలో' ఐదు మాత్రలు అవుతుంది, నాలుగు మాత్రల గూటిలో పట్టదు. సినిమాల్లో మమ్మల్ని చూపి నవ్వించడానికి వాడుకున్న ఆ కురచ మాట వల్లనే పాట నడక నిలిచింది. దుకాణంలో ఎవరికైనా చెబుదామనుకున్నాను. రేషన్ కార్డు కాపీలకు వచ్చిన వాళ్లున్నారు. ఎవరికి చెప్పాలి?

ఇక చివరి చరణం. రికార్డింగు రోజు నేను విన్నది, తర్వాత ద్వాలితో చెప్పించుకొని రాసుకున్నది, ఇది.

భియా... ఓ బాల్‌సింగూ...
నువ్వు జెండ పట్టుకొని పోతివి తమ్ముడా
జెండ కప్పుకొని వస్తివి
పెంక మీద రొట్టె ఇంక కాలుతనే ఉన్నది

భియా అంటే వాళ్ల భాషలో అన్నదమ్ములను పిలిచే పిలుపు, పెంక అంటే మా వైపు పెనం. ఆ పిలుపు పాదాన్ని వదిలేసి లెక్క పెట్టాను. ఒక పాదం ఇరవై మాత్రలు, తర్వాతిది పన్నెండు, దాని తర్వాతిది ఇరవై రెండు. పాదాల చివర 'తమ్ముడా', 'వస్తివి', 'ఉన్నది' అని ఏ రెండూ కలవవు. భిక్షపతి చెప్పింది నిజమే. మొత్తం పాట మూడూ నాలుగుగా నడిచి వచ్చి ఇక్కడ కాళ్లు తప్పింది.

అయినా పాట కట్టుబడి చూస్తే ఈ చరణం తీసేయడానికి వీల్లేదనిపించింది. పల్లవి తండానూ వాడనూ, అందరినీ పిలుస్తుంది. రెండు చరణాలు ఎవరినీ పిలవవు. రైలును, నీళ్లను, చేతి గోళ్లను చూపిస్తాయి. చివరిది ఒక్కణ్ని పిలుస్తుంది. పల్లవిలోని రాళ్లదారి ఏ దారో ఆ ఒక్కడి పేరు వచ్చిన తర్వాతే తెలుస్తుంది. అది కోసేస్తే రాళ్లదారి ఉత్త కవిత్వం అవుతుంది.

చాలా రోజులు పట్టింది. 'బాల్‌సింగు' అంటే ఐదు మాత్రలు, ఎక్కడ పెట్టినా డప్పు దెబ్బ పేరు నడుమ పడుతుంది. ఒకరోజు చివరి ఉకారం తీసి 'బాల్‌సింగ్' అని చూశాను. నాలుగు. సరిగ్గా నాలుగు. మిగతాది దానంతటదే వచ్చింది.

ఏడి బాల్‌సింగ్ ఏడి తమ్ముడు
రాళ్లదారిని నిదురపోయెను

మూడు, నాలుగు, మూడు, నాలుగు. పేరు ఉన్నది, తాళం ఉన్నది, పల్లవిలోని రాళ్లదారి తిరిగి వచ్చింది. మిషను మూత మీద గట్టిగా కొట్టుకుంటూ పాడుకున్నాను. జీవితంలో మొదటిసారి నా చదువు ఒకరికి పనికి వచ్చిందనుకున్నాను.

*

ఆదివారం పొద్దున తండాకు పోయాను. ద్వాలి ఇంటి ముందు పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తున్నది. భీమ్లా మంచంలో కూర్చొని చెప్పుకు కుట్టు వేసుకుంటున్నాడు.

"రా తిరుపతీ. గా పుస్తకం పట్టుకొని వచ్చినవేంది? మల్ల నా పాటను కోడిని కోసినట్టు కోస్తవా?"

"కొయ్యనీకి కాదక్కా, అతుకనీకి వచ్చిన. భిక్షపతన్న ఒప్పుకున్నడు. ఇది తాళంల కూసుంటది. పేరు గూడ ఉన్నది. ఇను."

పక్కనున్న ఖాళీ నూనె డబ్బాను బోర్లించి దాని మీద వేళ్లతో కొడుతూ పాడాను. నా గొంతు బాగుండదు, కానీ తాళం తప్పలేదు. మొదటి పాదానికే భీమ్లా తల ఊపడం మొదలుపెట్టాడు. ద్వాలి రొట్టె తిప్పడం ఆపి చూస్తూ ఉండిపోయింది.

పాట అయిపోయాక, "మంచిగున్నది," అన్నది. "ఎగురబుద్ధైతది."

"అయితే ఇదే పాడు. వచ్చే నెల సీడీల వస్తది."

"గిది నేను పాడ."

"పేరు ఉన్నది గదక్కా."

"పేరు ఉన్నది. పేరు కింద డప్పు ఉన్నది." ఆమె రొట్టెను దించి పక్కన పెట్టింది. "ఇను తిరుపతీ. మా తండల పెండ్లికి డప్పు ఉంటది, తీజ్ పండుగకు ఉంటది. మనిషి పోతే మేము ఢావ్లో అని ఏడుపు పాట తీస్తం. ఒకల మెడ ఒకలు పట్టుకొని, పేరు పెట్టి పిలుస్తం. అండ్ల డప్పు ఉండది. చప్పట్లు ఉండయి. ఊపిరి ఎంత ఉంటే గంత పొడుగు. ఊపిరి తెగిన కాడ తెగుతది. మల్ల పీల్చుకొని మల్ల పిలుస్తం."

"మా ఇండ్లల్ల డప్పు లేకుండ శవం లేవదు," అన్నాను. "డప్పు లేకపోతేనే మర్యాద చెయ్యలేదంటరు. వినేటోల్లు నూటికి తొంభై మంది మా అసొంటోల్లే. వాళ్లకు తప్పనిపియ్యదు."

"వాళ్లకు అనిపియ్యదు. వానికి అనిపిస్తది."

"ఎవనికి?"

"బాల్‌సింగుకు. అక్క డప్పు కొట్టి పిలిస్తే వాడేమనుకుంటడు? అక్కకు మల్ల పెండ్లైతున్నదనుకుంటడు."

భీమ్లా నవ్వబోయి ఆపుకున్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎంత శ్రమ పడ్డానో చెప్పాను. ఇది ఒప్పుకోకపోతే వాడి పేరు ఎక్కడా ఉండదని చెప్పాను. జనానికి తెలియాలంటే కొంత వదులుకోవాలని కూడా చెప్పాను. ఆమె వింటూ రెండో రొట్టె చేసింది. వేడి రొట్టెను చేతిలో పెట్టి, "తిను. పాట సంగతి నీ పుస్తకానికి తెల్వకపోతే నువ్వేం జేస్తవు? వాళ్లనే జర డప్పు ఆపమను. ఒక్క ఊపిరి అంత సేపు," అన్నది.

ఆమె అడిగింది చాలా చిన్నది. అది ఇప్పించడం నాకు చేతకాలేదు. మరుసటి నెల సీడీ మళ్లీ వచ్చింది, పాత పాటే వచ్చింది. భిక్షపతి నన్ను చూసి, "నేను తయ్యారుగనే ఉంటిని. ఆమెనే ఒప్పుకోలే," అన్నాడు. అదీ నిజమే. ఈ కథలో అబద్ధం ఆడినవాడు ఒక్కడూ లేకపోవడమే నాకు మింగుడుపడదు.

*

మరుసటి ఏడు సకల జనుల సమ్మె వచ్చింది. జిరాక్స్ దుకాణం మూసి ఉన్నది. నేను రోజూ భిక్షపతి వెంటపడ్డాను. ఒక్కసారి, ఒక్క సభలో డప్పు ఆపి చూడమన్నాను. చివరికి విసిగిపోయి ఒప్పుకున్నాడు. నా పోరు పడలేక ఒప్పుకున్నాడో, ఆమె ముఖం చూసి ఒప్పుకున్నాడో తెలియదు.

వరంగల్ పోయే రోడ్డు మీద వంటావార్పు. పొయ్యిలు పెట్టి రోడ్డు నడుమనే వండుతున్నారు. లారీలు బారులు తీరి ఆగి ఉన్నాయి. ఎడ్లబండ్లు రెండు కలిపి వేదిక కట్టారు. ద్వాలి కొత్త ఓణీ కప్పుకొని వచ్చింది. వేదిక ఎక్కే ముందు భిక్షపతి డప్పు వాళ్లకు నా ముందరే చెప్పాడు, "నేను చెయ్యి ఎత్తినంక కర్ర లేవొద్దు. పాట ఆగిపోయిందని పరేషాన్ కావొద్దు."

ఆమె పల్లవి ఎత్తుకోగానే రోడ్డు మొత్తం అందుకున్నది. అప్పటికి ఆ పాట రాని మనిషి మా వైపు లేడు. రైలు కూసెను అంటే వాళ్లే మానుకోటల అన్నారు. పత్తి తీసిన అంటే ఆడవాళ్లు గోళ్లు చూపించుకొని నవ్వారు. రెండో చరణం ముగిసింది. భిక్షపతి చెయ్యి ఎత్తాడు. డప్పు ఆగింది.

ద్వాలి కండ్లు మూసుకున్నది. "భియా..." అని మొదలుపెట్టింది.

ఆ గొంతు నేను రికార్డింగు రోజు విన్నదే, కానీ ఇప్పుడు దాని చుట్టూ గది లేదు. రోడ్డు మీద నుంచి ఎక్కడికో పోతున్నట్టు ఉన్నది. జనం నిశ్శబ్దమయ్యారు. ఒక్కడూ చాయకు లేవలేదు. భిక్షపతి నా వైపు చూశాడు. నేను గెలిచాననుకున్నాను.

ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలామె పక్కామెతో, "పాపం, డప్పోల్లు మరిచిపోయిన్రు," అన్నది. అని మెల్లగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. మూడు, నాలుగు. మూడు, నాలుగు. పక్కామె అందుకున్నది. పాడే మనిషి ఒంటరిగా మిగిలిపోతే తాళం ఇచ్చి నిలబెట్టడం మా దగ్గర అందరికీ చిన్నప్పటి నుంచి వచ్చిన అలవాటు. వరుస వెనుక వరుస చప్పట్లు లేచాయి. పొయ్యిల దగ్గరి వాళ్లు గరిటెలతో గిన్నెల మీద కొట్టారు. లారీ డ్రైవర్లు తలుపుల మీద కొట్టారు. ఇంతమంది తాళం అడుగుతుంటే డప్పు పిలగాళ్లు ఎంతసేపు ఆగుతారు? భిక్షపతి చెయ్యి ఇంకా పైనే ఉన్నది, డప్పు మోగింది.

"ఓ బాల్..." దగ్గర ద్వాలి ఆగిపోయింది.

కండ్లు తెరిచి జనం వైపు చూసింది. వాళ్లు ఆమెను చూసి నవ్వుతూ, ప్రేమగా, ఇంకా గట్టిగా కొట్టారు. మాట మరిచిపోయిందనుకొని వాళ్లే పల్లవి ఎత్తుకున్నారు. కదులు తండా, కదులు వాడా. రోడ్డు అదిరింది. ఆమె మైకును భిక్షపతి చేతిలో పెట్టి బండి దిగింది.

భిక్షపతి కండ్లు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "చూసినవా తిరుపతీ? జనం ఎట్ల అందుకున్నరో. గిట్ల నా జిందగీల చూడలే."

అతన్ని కొట్టాలనిపించింది. ఆ ముసలామెను అడగాలనిపించింది. ఏమని అడగాలి? ఎందుకు ఆదుకున్నావని అడగాలా?

ద్వాలి ఒక లారీ నీడలో కూర్చొని మంచినీళ్లు తాగుతున్నది. నేను పోయి పక్కన నిలబడ్డాను. ఆమే అన్నది, "వాళ్లను తిట్టకు. పడిపోతున్నననుకొని పట్టుకున్నరు." నీళ్ల గ్లాసు పక్కన పెట్టి, "పడనియ్యాలె అని వాళ్లకెట్ల తెలుస్తది?" అన్నది.

ఆ తర్వాత ఆమె ఏ వేదికా ఎక్కలేదు. పాటను వేరే గొంతులు పాడాయి. కొందరు అంతకంటే బాగా పాడారు. ఎవరికీ మూడో చరణం ఒకటి ఉన్నదని తెలియదు. నేను ఛందస్సు పుస్తకాన్ని పాత కాగితాల కొట్టులో తిరిగి ఇచ్చేశాను. కొట్టువాడు తూకం వేసి కుప్ప మీదికి విసిరాడు.

*

చివరిసారి ఆమెను చూసింది 2014 జూన్‌లో, రాష్ట్రం వచ్చిన రోజు, జనగామ బస్టాండులో. రంగులు చల్లుకుంటున్నారు, మిఠాయిలు పంచుతున్నారు. భిక్షపతి ఎక్కడో సన్మానంలో ఉన్నాడు. ద్వాలి, భీమ్లా రెండు మూటలు, ఒక బిందె పట్టుకొని హన్మకొండ బస్సు కోసం నిలబడ్డారు. అక్కడి నుంచి భూపాలపల్లి పోతారట. గనుల దగ్గర కట్టడం పని ఉన్నదని భీమ్లా తమ్ముడు హీర్యా కబురు పెట్టాడట. రెండేండ్లు వానలు సరిగా లేక తండా సగం ఖాళీ అయింది.

"రాష్ట్రం వచ్చిన్నాడే పోతున్నవా అక్కా?" అన్నాను.

"అది వచ్చింది, మేము పోతున్నం. బస్టాండంటే గంతే గద," అన్నది. ఒంటి మీద ఎవరో చల్లిన గులాబీ రంగు ఉన్నది. పాత నవ్వు నవ్వింది. "నీ దుకాణం ఎట్లున్నది? ఇంక పుస్తకాలు చదువుతున్నవా?"

"చదువుతున్న."

"చదువు. ఎప్పుడన్న ఒకటి పనికొస్తది."

"ఆ దారి వేసిన్రా అక్కా? తండా దారి?"

"కంకర పోసిన్రు. ఉన్న రాళ్ల మీద మల్లిన్ని రాళ్లు."

బస్సు వచ్చింది. భీమ్లా మూటలు ఎక్కించాడు. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అప్పుడే ఎదురుగా కట్టిన మైకులో డప్పు మొదలైంది. కదులు తండా, కదులు వాడా. బస్టాండులో కుర్రాళ్లు కేకలు వేసి ఎగిరారు. అది ఆమె గొంతే, పాత సీడీదే. ఎగిరేవాళ్లలో ఒకడు ఆమెను ఒరుసుకొని పోయాడు. ఆ గొంతు ఈ మనిషిదని వాడికి తెలియదు.

ఆమె మెట్టు మీది కాలు దించి, మైకు వైపు తిరిగి నిలబడింది. మొదటి చరణం అయింది. రెండోది అయింది. పల్లవి తిరిగి తిరిగి నినాదంతో ముగిసింది. ఎవరో తీగ లాగినట్టున్నారు, తర్వాత పాట రాలేదు. కుర్రాళ్లు మిఠాయి డబ్బా వైపు పరుగెత్తారు. కండక్టరు తలుపు మీద కొట్టి, ఎక్కమ్మా అని గట్టిగా అరిచాడు. ద్వాలి కదలలేదు. కండ్లు మూసుకున్నది. పెదవులు కదలడం మొదలైంది. కండక్టరు మళ్లీ కొట్టాడు. కండ్లు తెరవకుండానే ఆమె చెయ్యి చాచి నా మోచెయ్యి పట్టుకున్నది.

"జర ఆగమను తిరుపతీ. పాట ఇంక ఒడువలే."